నీళ్ళు నమిలిన మధ్యాహ్నం

బార్డ్స్‌టౌన్‌లో మార్చి నెల.
గోదాము గోడలకి నల్లటి బూజు.
సారా ఆవిరి తిని బతికే బూజు అది,
చెట్ల మొదళ్ళకీ, నా కారు అద్దాల అంచులకీ కూడా పట్టింది.

ఐదో అంతస్తు, దక్షిణపు కిటికీ పక్క పీపా.
వెర్లిన్ సుత్తితో బిరడా ఊడగొట్టి
రాగి గొట్టం లోపలికి దించాడు.
దాన్నిక్కడ దొంగ అంటారు.
ఆయన బొటనవేలి కింద ఊపిరి బిగబట్టి
దొంగ పదకొండేళ్ళ చీకటిని పైకి మోసుకొచ్చింది.

నూట ముప్పై మూడు ప్రూఫ్.
అంటే మూడింట రెండు వంతులు నిప్పు.
పై అంతస్తుల్లో నీళ్ళే ముందు ఆవిరవుతాయట.
ఎండ కూడా మనుషుల్లాంటిదే,
మెత్తనిదాన్నే ముందు తింటుంది.

వాసన చూశాను.
ఏమీ లేదు. మంట.
కొత్తగా వార్నిష్ వేసిన తలుపు
ముఖాన దఢాలున మూసినట్టు.
ఒక్క గుక్క వేసుకుంటే నాలుకే లేకుండా పోయింది,
చిగుళ్ళు మాత్రం ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు
ఉలిక్కిపడ్డాయి.

"చెప్పు," అన్నాడు వెర్లిన్.

నలభై ఏళ్ళు ఈ కంపెనీకి ముక్కు ఆయనే.
జనవరి జ్వరంలో అది పోయింది.
కాఫీ, కిరసనాయిలు, ఓపల్ తలవెంట్రుకలు,
అన్నీ ఒకే తెల్ల గోడ అని
పార్కింగ్ లాటులో మంచు గీకుతూ
నాకొక్కదానికే చెప్పాడు.
ముక్కుసూటి మనిషి,
ఈ ఒక్క అబద్ధం తప్ప.

నేను నీళ్ళు నమిలాను.
"కారమెల్... ఓక్... వెనిలా..."
"అవి గోడ మీది చక్రంలో ఉన్నాయి.
ఆ చక్రం గీసింది నేనే.
నీకేం తెలుస్తోందో అది చెప్పు."

డ్రాపర్ అక్కడే ఉంది. చెయ్యి వెళ్ళలేదు.
పాలల్లో నీళ్ళు కలిపితే మోసమని నేర్చుకున్నదాన్ని,
మందులో కలిపితే చేతకానితనమని
మగవాళ్ళు నవ్వగా విన్నదాన్ని.
ఆయనే అందించాడు.
సున్నపురాళ్ళ బుగ్గ నీళ్ళు.
"ఒక్కటి."

ఒక్క చుక్క.
ముదురు పాకంలో వేలు ముంచి తీసినట్టు
గ్లాసులో తీగలు సాగాయి,
వంకర్లు తిరిగి, తమలో తామే చిక్కుపడి
నీళ్ళేవో కానివేవో మర్చిపోయేదాకా.
అది మాత్రం ఆయనకి కనిపిస్తుంది.
కిటికీ వెలుగుకి గ్లాసెత్తి
కళ్ళతో వాసన పడుతున్నాడు.

తర్వాత అర చెంచా.
గ్లాసు అరచేతిలో వెచ్చబడింది.
చల్లని నీళ్ళు పోస్తే వేడి పుట్టడమేమిటో!
తలుపు దానంతటదే తెరుచుకుంది.

ముందు తాటిబెల్లం, నారతో సహా.
కాల్చని చుట్ట.
కొత్త పలక మీద ఉమ్ముతో తుడిచిన చోటు.
ఆ వెనకాల, చాలా వెనకాల,
"సపోటా," అన్నాను తెలుగులోనే.

"అదేమిటి?"
"పండు. చూడటానికి బంగాళాదుంప.
లోపల ఇసకలాంటి తీపి."

వెర్లిన్ చాలాసేపు మాట్లాడలేదు.
"ఇసక," అన్నాడు చివరికి.
"అయితే ఇది మంచి ఏడాదే.
రెండో అంతస్తుకి ఇసక ఎప్పుడూ రాదు."
ఖాతాలో రాసుకున్నాడు,
రెండు అక్షరాలు తప్పుగా.

ఆశ కొద్దీ ఇంకో చెంచా పోశాను.
సపోటా లేచి వెళ్ళిపోయింది.
తడిసిన అట్టపెట్టె మిగిలింది.
నీరుగారిపోవడమంటే
ఆ మాట వాడినన్నాళ్ళూ తెలియలేదు నాకు.
"దాటేశావు," అన్నాడు, మసకబారిన గ్లాసు చూసి.
తిట్టలేదు. మిగిలింది తనే తాగాడు,
మంచినీళ్ళు తాగినట్టు.

బిరడా మళ్ళీ పెట్టి సుత్తితో రెండు దెబ్బలు.
మెట్లు దిగుతుంటే వెనక నుంచి అడిగాడు:
"లూయీవిల్‌లో దొరుకుతుందా ఆ పండు?
వాసన సంగతి సరే,
ఇసక నాలిక్కి తెలుస్తుందిగా."